గిత్తకి 48 నిమిషాలు: బజర్‌బీటర్‌లో ఒక 18 ఏళ్ల గార్డు కథ

2023 మే నెలలో బజర్‌బీటర్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లని జట్లకి పంచడం) అయిపోయి లాగిన్ అయ్యేసరికి మా జట్టులోకి ముగ్గురు కొత్త పిల్లకాయలు వచ్చి ఉన్నారు. ఇద్దరి గురించి చెప్పుకోడానికేం లేదు. మూడోవాడికి 18 ఏళ్లు, ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, పొటెన్షియల్ (ఎంతదాకా ఎదగగలడన్నది) ‘సూపర్‌స్టార్’. జంప్ షాట్ 5, రేంజ్ 4, అవుట్‌సైడ్ డిఫెన్స్ 6, హ్యాండ్లింగ్ 5, డ్రైవింగ్ 6, పాసింగ్ 4, ఇన్‌సైడ్ షాట్ 3, ఇన్‌సైడ్ డిఫెన్స్ 2, రీబౌండింగ్ 3, షాట్ బ్లాకింగ్ 2. పది స్కిల్స్ కలిపితే 40. ఈ కేస్ స్టడీ అంతా ఆ 40ని నాలుగు సీజన్లలో 67 దాకా ఎట్టా లాక్కొచ్చానన్నది, దారిలో ఏం పోగొట్టుకున్నానన్నది.

బజర్‌బీటర్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 2007లో మొదలైన ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ గేమ్. మనం బంతి ముట్టుకోం. ఎవరు ఏ పొజిషన్లో ఆడాలో లైనప్ పెట్టి వదిలేస్తాం, మ్యాచ్ దానంతటది నడుస్తుంది. వారంలో మూడు మ్యాచ్‌లు: రెండు లీగువి, మూడోది కప్పు మ్యాచ్. కప్పులో ఓడిపోయి ఉంటే ఆ స్థానంలో స్నేహపూర్వకంగా ఆడే స్క్రిమేజ్. శుక్రవారం నాడు ట్రైనింగ్ పడుతుంది. సీజన్ అంటే 14 వారాలు, సీజన్ మారగానే ఆటగాడికి ఒక ఏడు మీద పడుతుంది. అంటే మనకి మూడు నెలల పైచిలుకు గడిస్తే వాడు 18 నుంచి 19కి వస్తాడు. అక్కడే అసలు తొందరంతా ఉంది. చిన్న వయసులో నేర్చుకున్నంత వేగంగా తర్వాత నేర్చుకోడు. 18, 19 ఏళ్లలో పోగొట్టుకున్న వారాన్ని 23లో ఎంత కష్టపడినా తిరిగి తేలేం.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్లో డిస్పాచ్ చూస్తాను. గెలాక్సీ రాయి పలకలు లారీకెక్కేదాకా లెక్క నాది. ఇల్లు ఒంగోల్లో. గేమ్‌లో మా జట్టుకి ఒంగోలు గిత్తల పేరే పెట్టాను, అందుకే ఈ పిల్లోడికి మా ఇంట్లో ‘గిత్త’ అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు పెట్టింది మా అక్క కొడుకు. వాడు అప్పటికి ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరబోతున్నాడు, నిజం బాస్కెట్‌బాల్ ఆడతాడు, సాయంత్రాలు గ్రౌండ్ నించి చెమటతో తిన్నగా మా ఇంటికొచ్చి నా ఫోన్ లాక్కునేవాడు.

ముందు పోగొట్టుకున్నవాడి సంగతి

గిత్త కంటే ముందు నా దగ్గర ఒక పొడుగోడు ఉండేవాడు. 6 అడుగుల 11 అంగుళాలు, 18 ఏళ్లకే దొరికాడు. అప్పట్లో నాకున్న లెక్క ఒకటే: పొడుగ్గా ఉన్నాడు గదా, లోపలి ఆటే, అంటే బుట్ట దగ్గరి ఆటే నేర్పిద్దాం. మూడు సీజన్లు ఇన్‌సైడ్ షాట్, ఇన్‌సైడ్ డిఫెన్స్, రీబౌండింగ్ తప్ప వేరే ఏం నేర్పలేదు. ప్రతి శుక్రవారం ఏదో ఒక లెవెల్ పెరిగేది, చూసి మురిసిపోయేవాణ్ణి. పొడుగు ఆటగాళ్లు లోపలి స్కిల్స్ తొందరగా నేర్చుకుంటారు, పొట్టివాళ్లు బయటి స్కిల్స్ తొందరగా నేర్చుకుంటారు. ఆ వేగం చూసి నేను మోసపోయాను.

ఇందులో రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది జీతం. ఈ గేమ్‌లో ఆటగాడి వారం జీతం వాడి స్కిల్స్‌ని బట్టి సీజన్ మొదట్లో లెక్క కడతారు. ఏ పొజిషన్ లెక్కన ఎక్కువ వస్తే ఆ జీతమే ఖాయం. లోపలి స్కిల్స్ మూడూ కలిసి ఎక్కేసరికి మా పొడుగోడి జీతం జట్టులో మిగతా నలుగురు స్టార్టర్ల జీతం కలిపినంత అయింది. రెండోది పొటెన్షియల్. ప్రతివాడికీ ఒక గరిష్ఠం ఉంటుంది. ‘అనౌన్సర్’ నుంచి ‘ఆల్‌టైమ్ గ్రేట్’ దాకా పన్నెండు మెట్లు. ఆ గరిష్ఠం దగ్గరికి రాగానే ట్రైనింగ్ జిగురు పట్టినట్టు నెమ్మదించిపోతుంది. పొజిషన్‌కి కావాల్సిన స్కిల్సే నింపుకుంటూ పోతే ఆ గరిష్ఠమనే కట్ట తొందరగా నిండుతుంది. మా పొడుగోడికి 21 రాకముందే నిండిపోయింది. అప్పటికి వాడికి పాస్ ఇవ్వడం రాదు, బంతి చేతిలో నిలవదు, చేతికొచ్చిన బంతిని అవతలివాళ్లకి అప్పగించేవాడు. జీతం భరించలేక ట్రాన్స్‌ఫర్ లిస్టులో పెట్టాను. అంత జీతం పెట్టి కొనేవాడెవడు? చివరికి వచ్చినకాడికి ఇచ్చేశాను. మూడు సీజన్ల పని అది.

కాబట్టి గిత్త వచ్చినప్పుడు నేను కూర్చుని ఆలోచించుకున్న మొదటి విషయం, వాడు ఏ పనికి పుట్టాడో ఆ పని కంటే ముందు, ఆ పనిలో లేనివి ఏమేం నేర్పాలి అన్నది. నేను ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. కొత్త మేనేజర్లు నూటికి తొంభై మంది నేను పొడుగోడితో చేసిందే చేస్తున్నారు. కనిపించే స్కిల్ మీదే పడతారు. గార్డుకి (బయట ఆడే పొట్టివాడికి) ఇన్‌సైడ్ డిఫెన్స్ ఎందుకు, సెంటర్‌కి (బుట్ట కింద ఆడే పొడుగోడికి) పాసింగ్ ఎందుకు అంటారు. గార్డుకి లోపలి స్కిల్స్ పెరిగితే జీతం పెద్దగా పెరగదు, పొటెన్షియల్ కట్ట కూడా అంతగా నిండదు. చవగ్గా దొరికే బలం అది. పైగా ఒక స్కిల్ మిగతావాటిని వదిలేసి ముందుకు పరిగెత్తితే దాని వేగం తగ్గిపోతుంది. చుట్టూ ఉన్నవి కూడా వెంట వస్తుంటే అది తేలిగ్గా కదులుతుంది.

మా పెదనాన్న ఊళ్లో గిత్తలు మేపేవాడు. బండలాగుడు పందేల్లో పళ్లు చూసి విభాగం వేస్తారు: పాల పళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆ పైన పెద్దవి. రెండు పళ్ల గిత్తకి పెదనాన్న బండ కట్టే ముందు నెలల తరబడి దున్నిన చేలో నడిపించేవాడు, చెరువులో ఈదించేవాడు. చూసేవాళ్లు “ఏందబ్బయ్యా, పందేనికి గిత్తని పెంచుతా ఈత నేర్పుతుండావే” అని అడిగేవాళ్లు. ఆయన జవాబిచ్చేవాడు కాదు, గిత్త ఛాతీ మీద చెయ్యేసి చూపించేవాడు. గిత్త పేరు మా పిల్లోడికి తగులుకున్నాక నాకు ఆ చెరువే గుర్తొస్తా ఉండేది.

48 నిమిషాలంటే ఏంటి

ట్రైనింగ్ పూర్తిగా పడాలంటే ఆ వారంలో ఆటగాడు ట్రైన్ చేసే పొజిషన్లో 48 నిమిషాలు ఆడి ఉండాలి. ఒక మ్యాచ్ మొత్తం 48 నిమిషాలే, నాలుగు క్వార్టర్లు పన్నెండేసి. మా మేనల్లుడికి మొదట ఇది వింతగా ఉండింది. “మా గ్రౌండ్లో 40 నిమిషాలే గదా మామా” అన్నాడు. వాడిది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) లెక్క, క్వార్టర్‌కి పది. అమెరికా లీగు ఎన్‌బీఏలో పన్నెండు. ఈ గేమ్ ఎన్‌బీఏ లెక్క పట్టుకుంది.

ఒక్క పొజిషన్ మీద ట్రైనింగ్ పెడితే వేగం ఎక్కువ, కానీ వారంలో మూడు మ్యాచ్‌లే కాబట్టి ముగ్గురికే పూర్తి ట్రైనింగ్. రెండు పొజిషన్ల మీద పెడితే ఆరుగురికి దొరుకుతుంది, వేగం తగ్గుతుంది. నేను ముగ్గురికే కట్టుబడ్డాను. ఆరుగురిని సగం సగం చెయ్యడం కంటే ముగ్గురిని నిండుగా చెయ్యడం మేలనిపించింది, ఇప్పటికీ అదే అంటాను.

నిమిషాలు నిండాలంటే లైనప్‌లో ఆ పొజిషన్‌కి స్టార్టర్, బ్యాకప్, రిజర్వ్ మూడు గడుల్లోనూ వాడి పేరే పెట్టాలి. లేకపోతే మ్యాచ్ ఒకవైపుకి పోయినప్పుడు కోచ్ వాణ్ణి బెంచి మీద కూర్చోబెడతాడు. మూడు గడుల్లో పెట్టినా ఫౌల్స్ నిండితే బయటికి పోవాల్సిందే. అందుకే ఏ ఆటగాణ్ణి ఏ మ్యాచ్‌లో పెట్టాలన్నది నేర్చుకోవాల్సిన విద్య. ట్రైనింగ్ వారంలో మొదటి మ్యాచ్‌లో నీకు అన్నిటికంటే ముఖ్యమైనవాణ్ణి పెట్టుకో. వాడికి 48లో 40 పడితే తక్కిన 8 రెండో మ్యాచ్‌లో బ్యాకప్‌గా దింపి నింపుకోవచ్చు. అదే వాణ్ణి మూడో మ్యాచ్‌లో పెట్టి, వాడు మూడో క్వార్టర్‌లో ఫౌల్స్‌తో బయటికొస్తే, ఇంక నింపుకోడానికి మ్యాచ్ లేదు. నేను మొదటి సీజన్లో రెండుసార్లు ఇట్టా దెబ్బ తిన్నాను. ఒకసారి 31 నిమిషాలు, ఒకసారి 37. మొత్తం ట్రైనింగ్ పోదు, ఆడినంత మేరకే పడుతుంది. కానీ 18 ఏళ్ల వయసులో పోయిన 17 నిమిషాలు చిన్నవి కావు.

ఇంకో వైపు గేమ్ షేప్ ఉంది, అంటే ఆటగాడి ఒంటి సత్తా. వారానికి ఆడిన మొత్తం నిమిషాలు చాలా తక్కువైనా, చాలా ఎక్కువైనా అది పడిపోతుంది. నా అనుభవంలో 60 నుంచి 70 నిమిషాల మధ్య ఉంటే బాగా నిలబడుతుంది. అంటే 48 ట్రైనింగ్ మ్యాచ్‌లో, ఇంకో పదిహేను ఇంకో మ్యాచ్‌లో బ్యాకప్‌గా. మూడు మ్యాచ్‌లూ ఆడించేద్దాం, గెలుద్దాం అని ఆశపడితే 90 దాటుతుంది. తర్వాతి రెండు వారాలు వాడు కాళ్లీడుస్తా తిరుగుతాడు.

స్క్రిమేజ్ విషయంలో నాకు కలిసొచ్చిన మనిషి ఒక బ్రెజిల్ మేనేజర్. మా జట్టు పేరు చూసి ఆయనే మెసేజ్ పెట్టాడు. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువుల్ని ‘నెలోర్’ అంటారు, అది నెల్లూరు పేరే. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోదే. ఆయన వాళ్ల తాత నెలోర్ మందలు మేపిన సంగతి చెప్పాడు, నేను పెదనాన్న గిత్తల ఫోటో పంపాను. అట్టా మొదలై, వారం వారం స్క్రిమేజ్ మేమిద్దరం ఆడుకునేలా కుదుర్చుకున్నాం. ఇద్దరం కుర్రాళ్లనే దించేవాళ్లం, కాబట్టి ఫౌల్స్ గొడవ తక్కువ, నిమిషాలు నిండేవి. ఇట్టాంటి తోడు ఒకరు దొరికితే మూడో మ్యాచ్ బెంగ సగం తీరిపోతుంది.

మొదటి సీజన్, 18 ఏళ్లు

ట్రైనర్ నాలుగో లెవెల్‌వాడు. ఏడో లెవెల్ దాకా దొరుకుతారు, కానీ వాళ్ల జీతం వారం వారం పెరుగుతా పోతుంది, మా జట్టు ఆదాయానికి నాలుగే సరి. ఐదు వారాలు ప్రెషర్ ట్రైనింగ్, పాయింట్ గార్డ్ పొజిషన్ ఒక్కటే. అవుట్‌సైడ్ డిఫెన్స్ 6 నుంచి 9. ఐదు వారాలు గార్డులకి వన్ ఆన్ వన్, హ్యాండ్లింగ్ 7, డ్రైవింగ్ 8. నాలుగు వారాలు పాసింగ్, 4 నుంచి 6. సీజన్ చివర మొత్తం 49.

ప్రెషర్‌ని మొదట ఎందుకు పెట్టానంటే, పొట్టి కుర్రాడు ఆ వయసులో దాన్ని ఎగబడి నేర్చుకుంటాడు. లీగులో 18 ఏళ్ల పాయింట్ గార్డ్‌తో మొత్తం మ్యాచ్ ఆడించినా అవతలి గార్డ్‌ని కాస్తన్నా ఆపగలిగితే జట్టు మరీ మునిగిపోదు. లీగులో ఏడో స్థానంతో బయటపడ్డాం. దాని గురించి నాకేం బెంగ లేదు.

రెండో సీజన్: గార్డ్‌ని సెంటర్‌లో నిలబెట్టడం

ఇది కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఈ కేసు ఇక్కడే తేలింది.

19 ఏళ్ల గిత్తకి ఇన్‌సైడ్ డిఫెన్స్ 2. దాన్ని పెంచాలంటే వాడు సెంటర్ పొజిషన్లో 48 నిమిషాలు ఆడాలి. 6 అడుగుల 2 అంగుళాలవాడు, ఎదురుగా దాదాపు 7 అడుగుల మనుషులు. పొట్టివాళ్లు లోపలి స్కిల్స్ నెమ్మదిగా నేర్చుకుంటారని తెలుసు. అయినా ఆరు వారాలు అట్టాగే పెట్టాను.

మొదటి వారం లీగు మ్యాచ్ నాకు బాగా గుర్తు. డ్యూటీ అయ్యాక చీమకుర్తి నించి బస్సులో వస్తా ఫోన్లో చూస్తున్నాను. మేనల్లుడు ఇంట్లో ఉండి వాడి ఫోన్లో చూస్తున్నాడు. రెండో క్వార్టర్ అయ్యేసరికి 24 పాయింట్లు వెనక. అవతలి సెంటర్ మా గిత్త మీద నించి బంతి వేస్తా ఉంటే, కామెంటరీలో ప్రతి రెండో వరుసా అదే. చివరికి 31 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఇంటికి వెళ్లేసరికి వాడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

“ఎందుకు మామా వాణ్ణి ఇట్టా నలగ్గొడుతుండావు? నన్ను మా సార్ పోస్ట్‌లో, బుట్ట కింద నిలబెడితే నేను ఊరుకుంటానా?”

“మీ సార్ నిలబెట్టాడా ఎప్పుడన్నా?”

వాడు కాసేపు ఆగి, “నిలబెట్టాడు. పోయిన ఏడు. వారం రోజులు” అన్నాడు.

“తర్వాత ఏమైంది?”

“ఏమైంది, ఎల్బో ఎక్కడ తగుల్తదో తెలిసింది. లోపలికి వెళ్లేవాడు ఎటు తిరుగుతాడో కనపడేది.”

నేను ఇంకేం మాట్లాడలేదు, వాడికి మజ్జిగ కలిపిచ్చాను. వాడికి కోపం తగ్గలేదు. ఆ ఆరు వారాలూ సెంటర్‌లో గిత్త పేరు కనబడితే ఫోన్ పక్కన పెట్టేసేవాడు.

ఆరు వారాల్లో ఇన్‌సైడ్ డిఫెన్స్ 2 నుంచి 5కి వచ్చింది. నాలుగు వారాలు ఇన్‌సైడ్ షాట్, 3 నుంచి 5. మిగతా నాలుగు వారాలు జంప్ షాట్, 5 నుంచి 7. మొత్తం 56. అంకెలుగా చూస్తే మొదటి సీజన్లో తొమ్మిది లెవెల్స్ పెరిగితే రెండో సీజన్లో ఏడే. నెమ్మది. లీగులో మేము అట్టడుగుకి దగ్గర్లో నిలిచి, కిందికి పడిపోకుండా ఒక్క గెలుపు తేడాతో బయటపడ్డాం. ఇది నేను దాచను. గార్డ్‌ని సెంటర్‌లో ఆడించే సీజన్లో జట్టు కింది లీగుకి పడిపోయే ప్రమాదం నిజంగా ఉంటుంది. అట్టా పడిపోతే ఆదాయం తగ్గి ట్రైనర్ జీతమే కట్టలేని పరిస్థితి రావచ్చు. కాబట్టి బెంచి మీద ఒక ముదురు సెంటర్‌ని, చవగ్గా దొరికే 33, 34 ఏళ్లవాణ్ణి, ముందే కొనిపెట్టుకోవాలి. ఓడిపోకూడని మ్యాచ్ వచ్చిన వారం ట్రైనీని స్క్రిమేజ్‌లోకి మార్చి, లీగు మ్యాచ్ ఆ ముదురాయనకి వదిలేయాలి. ఆ సీజన్ చివరి నాలుగు లీగు మ్యాచ్‌ల్లో నేను అదే చేశాను, మూడు గెలిచాం. ఆ మూడు గెలుపులే మమ్మల్ని నిలబెట్టాయి. స్క్రిమేజ్‌లో ట్రైనీకి నిమిషాలు తప్పకుండా పడతాయన్న ధైర్యం బ్రెజిల్ స్నేహితుడి దయే.

తుఫాను వారం

20 ఏళ్లు వచ్చాయి, మూడో సీజన్. రెండో వారంలో, 2023 డిసెంబర్ 5న, మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రెండు రోజులు నెల్లూరు నించి ఒంగోలు దాకా ఒకటే వాన, గాలి. మా వీధిలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ ఆ రాత్రికే అయిపోయింది, ఫోన్‌కి సిగ్నల్ ఒక్క గీత వచ్చి పోతా ఉంది. ఇంట్లో నీళ్లు, పాలు, అమ్మ మందులు చూసుకోవడమే సరిపోయింది, గేమ్ సంగతి ఎవరికి గుర్తుంటుంది.

మర్నాడు సాయంత్రం యార్డ్‌లో ఆగిపోయిన లారీలో ఫోన్ చార్జింగ్ పెట్టుకుని చూశాను. లైనప్ పెట్టని లీగు మ్యాచ్‌కి పాత లైనప్పే వాడుకుంది. గిత్త సెంటర్‌లో 48 నిమిషాలు ఆడాడు. కానీ ఆ వారం పెట్టిన ట్రైనింగ్ షూటింగ్‌ది. పొజిషన్ కలవలేదు, ఒక్క నిమిషం కూడా లెక్కలోకి రాలేదు. మూడో మ్యాచ్‌కి సర్దుదామంటే అప్పటికే గిత్త నిమిషాలు రెండు మ్యాచ్‌లు కలిపి 80 దాటి ఉన్నాయి. ఇంకో మ్యాచ్ మొత్తం ఆడిస్తే గేమ్ షేప్ కూలిపోతుంది. ఆ వారం ట్రైనింగ్ వదిలేశాను.

ఆ వారం తప్పు తుఫానుది కాదు. లైనప్‌లు ముందుగానే పెట్టుకునే వీలు గేమ్‌లో ఉంది, నేనే ఏ మ్యాచ్‌కి ఆ మ్యాచ్ రోజు పెట్టే అలవాటులో ఉన్నాను. ఆ తర్వాత శుక్రవారం ట్రైనింగ్ పడిన గంటలోపే తర్వాతి వారం మూడు మ్యాచ్‌లకీ లైనప్ పెట్టేయడం మొదలుపెట్టాను. మధ్యలో ఫౌల్సో గాయమో అయితే అప్పుడు మార్చుకుంటాను. కోస్తాలో ఉండేవాళ్లకి, అక్టోబర్ నించి డిసెంబర్ దాకా ముఖ్యంగా, ఇది తప్పనిసరి అలవాటు.

మూడో సీజన్లో మిగిలిన పదమూడు వారాల్లో ఏడు వారాలు రేంజ్‌కే పోయాయి. రేంజ్ చాలా మొండి స్కిల్. ఏడు వారాలకి 4 నుంచి 6 మాత్రమే. ఇక్కడ నన్ను నేను తప్పు పట్టుకుంటాను. రేంజ్ ఇంత నెమ్మదిగా కదిలేదైతే 18 ఏళ్ల వేగం ఉన్నప్పుడే నాలుగు వారాలు పెట్టి ఉండాల్సింది. ప్రెషర్ ట్రైనింగ్ 20 ఏళ్లప్పుడు కూడా బాగానే పడుతుంది, దాన్ని వెనక్కి జరిపినా నష్టం లేదు. వరసలో ఇదొక్కటే నేను ఈసారి మార్చేది. జంప్ షాట్ నాలుగు వారాల్లో 7 నుంచి 9, చివరి రెండు వారాలు ప్రెషర్, డిఫెన్స్ 10. మొత్తం 61.

నాలుగో సీజన్, 21 ఏళ్లు

21 ఏళ్లు అంటే అండర్-21 జాతీయ జట్టుకి ఆఖరి అవకాశం. మా మేనల్లుడికి ఆ ఆశ ఉండేది, ప్రతి వారం గిత్త పేరు పిలుస్తారేమోనని చూసేవాడు. పిలవలేదు. ఆ సీజన్లో గార్డులు చాలామంది మనవాడి కంటే అవుట్‌సైడ్ డిఫెన్స్‌లో, రేంజ్‌లో ముందున్నారు. నేను లోపలి స్కిల్స్ మీద పెట్టిన పది వారాలు బయటి స్కిల్స్ మీద పెట్టి ఉంటే వాడు 21 ఏళ్లకి ఇంకో మూడు నాలుగు లెవెల్స్ పైన కనిపించేవాడు. 21 ఏళ్లకి వెలగాలనుకుంటే నా పద్ధతి సరైంది కాదు. 25 ఏళ్లకి నిలబడాలనుకుంటే సరైంది. ఏది కావాలో 18 ఏళ్లప్పుడే తేల్చుకోవాలి, మధ్యలో మనసు మార్చుకుంటే రెండూ పోతాయి.

నాలుగు వారాలు ప్రెషర్, అవుట్‌సైడ్ డిఫెన్స్ 12. నాలుగు వారాలు పాసింగ్, 8. నాలుగు వారాలు వన్ ఆన్ వన్, హ్యాండ్లింగ్ 8, డ్రైవింగ్ 9. ఒక వారం స్టామినా, ఒక వారం ఫ్రీ త్రోలు. స్టామినాకి ఇంకో వారం ఇవ్వాల్సింది, నాలుగో క్వార్టర్‌లో వాడి షూటింగ్ తగ్గిపోవడం స్పష్టంగా కనిపించేది. మొత్తం 67.

2024 ఎలక్షన్ల రోజులవి. మా ఇంట్లో టీవీలో అదే గోల. ఆ వారం లీగు మ్యాచ్‌లో మా మీద ఆడింది, రెండో సీజన్లో మమ్మల్ని 31 పాయింట్లతో కొట్టిన జట్టే. గిత్త పాయింట్ గార్డ్. వాళ్లు లైనప్‌లో బ్యాకప్ గార్డుగా పెట్టుకున్న ఒక పొడుగు ఫార్వర్డ్ రెండో క్వార్టర్ మధ్యలో దిగాడు, మావాడి మీద నించి లోపలికి బంతి వేయించాలని. పొట్టి గార్డులున్న జట్ల మీద అందరూ వేసే ఎత్తే అది. కామెంటరీ చూస్తా ఉన్నాను. ఆ ఫార్వర్డ్ లోపలికి తీసుకెళ్లి వేసిన షాట్లు మొదటిది తప్పింది, రెండోది తప్పింది, మూడోది పడింది, నాలుగోది తప్పింది. నాలుగింటికీ ఎదురు నిలబడింది గిత్తే. అయిదోసారి లోపలికి వేసిన షాట్ కనపడలేదు. ఇన్‌సైడ్ డిఫెన్స్ 5 అంటే గేమ్ భాషలో ‘మీడియోకర్’. సెంటర్‌కి అది సిగ్గుపడాల్సిన అంకె. గార్డుకి ఉంటే మాత్రం అవతలివాడికి ఒక తలుపు మూసుకుపోయినట్టు. ఆ మ్యాచ్ 9 పాయింట్లతో గెలిచాం.

కొత్త సీజన్‌కి జీతాలు లెక్కేసినప్పుడు నేను ఊపిరి బిగబట్టి చూశాను. గిత్త జీతం అప్పట్లో మా పొడుగోడికి కట్టినదానిలో మూడో వంతు కూడా లేదు. పొటెన్షియల్ కట్ట ఇంకా నిండలేదు, ఇంకా రెండు మూడు సీజన్లు పని చేయించుకోవచ్చు. అప్పటికి లీగులో మూడో స్థానానికి వచ్చాం.

ఇదే దారిలో పోవాలనుకునేవాళ్లకి రెండు విషయాలు గట్టిగా చెప్పదలుచుకున్నాను. అంత తక్కువ ఎత్తున్న గార్డుకి లోపలి ట్రైనింగ్ పెట్టాలంటే వాడి ఇన్‌సైడ్ డిఫెన్స్ కనీసం 2 అయినా ఉండాలి, 1తో మొదలుపెడితే వారాలు దండగ. అట్టాంటివాణ్ణి మొదటే వదిలేసి వేరేవాణ్ణి చూసుకోవడం మేలు. రెండోది, ముగ్గురు ట్రైనీలూ ఒకే వయసువాళ్లు, దాదాపు ఒకే ఎత్తువాళ్లు అయితేనే ఒకే ట్రైనింగ్ ముగ్గురికీ పనికొస్తుంది. నా మిగతా ఇద్దరిలో ఒకడు 6 అడుగుల 7 అంగుళాలు. వాడికి ప్రెషర్ వారాలు సగం వృథా అయ్యాయి. రెండో సీజన్ సగంలో అమ్మేసి, గిత్త ఎత్తు ఉన్నవాణ్ణి కొన్నాను. ఆ పని మొదటి వారమే చేసి ఉండాల్సింది.

ఆ సీజన్ డ్రాఫ్ట్‌లో మాకు 6 అడుగుల 8 అంగుళాల కుర్రాడొకడు వచ్చాడు. 18 ఏళ్లు, పొటెన్షియల్ ‘ఎంవీపీ’, రీబౌండింగ్ 7, పాసింగ్ 2. ఆ శుక్రవారం నేను చీమకుర్తిలో డ్యూటీలో ఉండిపోయాను, లోడింగ్ ఆలస్యమైంది. లైనప్ పెట్టమని ఇంటికి ఫోన్ చేస్తే మేనల్లుడు ఎత్తాడు.

“పెట్టేశా మామా. కొత్తోణ్ణి మొదటి మ్యాచ్‌లో పెట్టా, మూడు గడుల్లోనూ వాడే.”

“ఏ పొజిషన్‌రా?”

“పాయింట్ గార్డ్. పాసింగ్ ట్రైనింగ్.”

వెనకాల లారీ రివర్స్ హారన్. నేను సరే అని ఫోన్ పెట్టేసి, పలకలు లెక్కపెట్టడానికి వెళ్లాను.